ఒత్తిగిలి పడుకున్న ఆవిడ

ఆ ఏడు డాన్యూబు నదిలో నీరు ఎన్నడూ లేనంతగా తీసింది. వర్బిత్సా ఊరి రేవులో పడవలన్నీ బురదలో ఒరిగిపోయాయి. జాలర్లు పనిలేక ఒడ్డున కూచుని, నీళ్ళున్న కాలంలో తాము పట్టిన చేపల గురించి చెప్పుకుంటూ పూటపూటకీ వాటి పొడవు పెంచుతున్నారు. వాళ్ళలో ఒకడు, ఎప్పుడో తెగిపోయిన తన లంగరు ఇప్పుడైనా దొరక్కపోతుందా అని బురదలో దిగి వెతుకుతుంటే మనిషి పుర్రె కనబడింది. పోలీసులు వచ్చి చూసి, ఇది తమ కాలంనాటి కేసు కాదని తేల్చి, మ్యూజియానికి ఫోన్ చేశారు. అలా నేవెంకా ఆ ఊరు వచ్చింది.

నేవెంకా ఎముకల మనిషి. ఎవరైనా ఎదురుపడి నవ్వితే ముందు వాళ్ళ పళ్ళు చూస్తుంది, ఆ తర్వాతే మొహం. ఏభై దాటినా ఆవిణ్ణి ఒక్క ప్రశ్న మాత్రం కాలేజీ రోజుల్లో పట్టుకున్నట్టే పట్టుకుని ఉంది. ఎనిమిది వేల ఏళ్ళ కిందట ఈ నది ఒడ్డున బతికిన జనానికి తిండికి లోటు లేదు. మనిషికి మించిన స్టర్జన్ చేపలు ఎదురెక్కి వచ్చేవి. అడవిలో జింకలు, పందులు. అలాంటి వాళ్ళు కూచుని తినక, నడుములు విరిగేలా నేల తవ్వి గింజలు చల్లడం ఎందుకు మొదలెట్టారు? కొండల మీదకి రైతులు వచ్చి దిగినప్పుడు వీళ్ళు వాళ్ళని చూసి నవ్వారా, భయపడ్డారా? బార్లీ జావ మొదట నోట్లో పెట్టుకున్నవాడు మొహం చిట్లించాడా? పుస్తకాల్లో ‘జనం మారారు’ అని ఒక్క ముక్కలో రాసేసి ఉంటుంది. ఆ ముక్క చదివినప్పుడల్లా నేవెంకాకి ఒళ్ళు మండేది. జనం ఊరికే మారరు. ఎవరో ఒకరు, ఒక రోజు, ఒక ఇంట్లో, ఏదో చేస్తారు. ఆ ఎవరో ఎవరన్నదే ఆవిడకి కావాలి.

తోడుగా గవ్రిలో వచ్చాడు. రాతి పనిముట్ల పండితుడు. బొడ్డు దాకా గడ్డం. నేవెంకా అవునన్నది కాదనడం చదువుకునే రోజుల నుంచీ అతని అలవాటు, అది వినకపోతే ఆవిడకీ తోచదు.

బురద కడిగి, నేల మెల్లగా గీకుతూ పోతే మూడు సమాధులు పక్కపక్కన తేలాయి. మొదటిది మగమనిషిది. వెల్లకిలా, నదికి వారగా, తల నీరు పారే దిక్కుకి పెట్టి ఉంది. ఆ నది జనం తమ వాళ్ళని అలాగే పడుకోబెట్టేవాళ్ళు, ఏటి వెంట సాగిపోతున్నట్టు. అతని పక్కన అదే తీరున ఒక ఆడమనిషి. ఆవిడ భుజాల చుట్టూ తెల్లటి పలుకులు చెదిరి ఉంటే, గవ్రిలో వాటిని బ్రష్‌తో తుడిచి చూపించాడు. కార్పు చేప గొంతులో ఉండే పళ్ళు. ఆ కాలపు జాలరి జనం వాటిని పైబట్టలకి వరసలు వరసలుగా కుట్టుకునేవాళ్ళు.

మూడో ఆవిడ మాత్రం వేరు. ఎడమ పక్కకి ఒత్తిగిలి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, చేతులు మొహం దగ్గర పెట్టుకుని, చలికి దుప్పటి చాలని మనిషిలా పడుకుని ఉంది. ఒంటి మీద పూస లేదు, చేప పన్ను లేదు. కొండల మీది రైతులు తమ వాళ్ళని పాతిపెట్టే పద్ధతి అది.

“ఇంకేముంది, కథ తేలిపోయింది,” అన్నాడు గవ్రిలో, చేతులు దులుపుకుంటూ. “మొగుడు, పెళ్ళాం, కొండ మీంచి ఎత్తుకొచ్చిన పిల్ల.”

“పిల్లేమిటి? ఏభై దాటిన మనిషి. ఆ పళ్ళు ఎలా అరిగాయో చూడు.”

“ఎత్తుకొచ్చినప్పుడు పిల్లే కదా. తర్వాత ముసలిదైంది. నువ్వూ నేనూ కాలేదూ?”

“నన్ను కలపకు. ఎత్తుకొచ్చారని నీతో ఎవరు చెప్పారు?”

“ఆ కాలు చెప్పలేదూ?” అన్నాడతను.

నిజమే. ఆవిడ తొడ ఎముక తుంటి దగ్గర ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. అతుక్కుని ఏళ్ళు గడిచినట్టు ఎముక నున్నబడింది. ఆ కాలితో ఆవిడ గుమ్మం దాటి ఉంటే గొప్పే.

“పారిపోబోతే విరగ్గొట్టారు,” అన్నాడు గవ్రిలో. “ఈవిడ కొండ మనిషి కాదని తేలిందా, నా గడ్డం గీయించేసుకుంటా.”

నేవెంకా నవ్వింది గానీ, ఆవిడ కొండ మనిషి కాదని తనూ అనుకోలేదు. తనని వేధిస్తున్నది వేరే సంగతి. ఎత్తుకొచ్చిన మనిషిని, కుంటిదాన్ని, ఇంతకాలం పెట్టి పోషించి, పోయాక ఆవిడ వాళ్ళ ఆచారం ప్రకారమే సాగనంపింది ఎవరు? ఎందుకు?

*

వాళ్ళు బస చేసింది దెసాంకా ఇంట్లో. దెసాంకా డెబ్భై ఏళ్ళ మనిషి, రేవులో పుట్టి రేవులోనే పెరిగింది. పెళ్ళి చేసుకోలేదు. ‘పడవలు తోలే మొగుడైతే ఏట్లో పోతాడు, తోలనివాడైతే నాకెందుకు’ అనేదట. ఆవిడ తమ్ముడు కొండ మీద ఉండే వ్లాహు తెగ పిల్లని కట్టుకుని తెచ్చాడు. ఆ పిల్ల పేరు యోంకా. తమ్ముడు పోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలింది ఈ వదినా ఆ మరదలే.

సెప్టెంబరులో ఎర్ర మిరపకాయలు కాల్చే వేళ. పెరట్లో పొయ్యి మీద రేకు వేసి దెసాంకా కాలుస్తుంటే, యోంకా పక్కన పీట వేసుకుని నల్లబడ్డ తోలు ఒలుస్తోంది. నేవెంకా కూడా చేతులు కడుక్కుని కూచుంది.

“అమ్మాయ్, రోజంతా ఎముకలు తోమి, ఇప్పుడు మిరపకాయలు ఒలుస్తావా?” అంది దెసాంకా.

“ఎముకలకన్నా ఇవే నయం పెద్దమ్మా, మాట్లాడుతూ ఒలవచ్చు.”

“మా యోంకాకి చెప్పు. ఇది ఈ ఇంటికొచ్చి నలభై ఏళ్ళు కావస్తోంది. ఇప్పటికీ చేప వాసన తగిలితే ముక్కు మూసుకుంటుంది.”

“మూసుకోనా మరి?” అంది యోంకా తల ఎత్తకుండా. “మీ తమ్ముడు పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు ఒంటికి సెంటు పూసుకొచ్చాడు. లేకపోతే అప్పుడే పసిగట్టేదాన్ని.”

“పసిగట్టి ఏం చేసేదానివే? మీ కొండ మీద మొక్కజొన్న సంకటి తప్ప ఏముంది?”

“సంకటిలో ముళ్ళుండవు వదినా.”

దెసాంకా నవ్వాపుకోలేక పట్టకారు కింద పెట్టేసింది. యోంకా మాత్రం నవ్వకుండా ఒలుస్తూనే ఉంది. ఆవిడ మాట విసిరాక నవ్వే మనిషి కాదు.

అక్టోబరు వానలకి నది మళ్ళీ నిండింది. అప్పటికే ముగ్గుర్నీ మట్టితో సహా ఎత్తి నగరానికి చేర్చారు. గుంటలున్న చోట ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి.

*

పంటి పైనుండే పింగాణీ పొర చిన్నతనంలో కట్టుకుంటే ఇక మారదు. ఏ నేలలో పెరిగింది తిన్నామో, ఏ నీళ్ళు తాగామో, ఆ చోటి రాళ్ళలోని ఖనిజాల జాడ చచ్చేదాకా పంటిలో ఉండిపోతుంది. ఎముక సంగతి వేరు. అది బతికినన్నాళ్ళూ పాతది పోయి కొత్తది కట్టుకుంటూనే ఉంటుంది కనక, చివరి ఏళ్ళల్లో ఏం తిన్నామో చెబుతుంది. నేవెంకా ముగ్గురి పళ్ళూ, పక్కటెముకల ముక్కలూ పరీక్షకి పంపింది.

ఫలితం వచ్చిన రోజు ఆవిడ మళ్ళీ వర్బిత్సాలోనే ఉంది. అది సెయింట్ నికోలా రోజు. దెసాంకా వాళ్ళ ఇలవేల్పు పండుగ. జాలరి ఇళ్ళకి ఆయనే దిక్కు. మాంసం, పాలు ముట్టని ఉపవాస కాలం కాబట్టి బల్ల మీద అన్నీ చేపలే, ఒక మూల యోంకా కోసం చిక్కుడుగింజల గిన్నె. గవ్రిలో అప్పటికే రెండు విడతలు పులుసు తిని, మూడో విడతకి గడ్డం పక్కకి సర్దుకుంటున్నాడు. ఫోన్ మోగితే నేవెంకా పెరట్లో మంచులోకి వచ్చి మాట్లాడింది. లాబొరేటరీ నుంచి జోరిత్సా.

“ఒత్తిగిలి ఉన్నావిడ ఉంది చూడు, ఆవిడ మీ నది మనిషే,” అంది జోరిత్సా. “పంట్లో అచ్చంగా ఆ ఒడ్డు రాళ్ళ జాడే. వెల్లకిలా ఉన్నావిడ కాదు. చేప పళ్ళు కుట్టుకున్నావిడ ఎక్కడో కొండల అవతల పుట్టి పెరిగింది.”

“తారుమారు చేశావు జోరిత్సా.”

“నేను చెయ్యలేదు. సంచుల మీద దస్తూరీ నీది.”

నేవెంకా కాళ్ళ కింద మంచు కరిగి జోళ్ళల్లోకి దిగుతోంది. ఆవిడకి అది తెలియలేదు. పరీక్షకి పంపేముందు ఒక మధ్యాహ్నం ఎండలో, ఒకే బల్ల మీద, రెండు దవడలూ పక్కపక్కన పెట్టి పళ్ళు తీసింది తనే. పొరపాటు పడి ఉంటానా? లోపలికి వచ్చి గవ్రిలోకి చెబితే, అతను చెంచా కింద పెట్టకుండానే అన్నాడు, “మా అమ్మమ్మ కూడా అంతే. జాడీల మీద చీటీలు మార్చి అతికించి, ఏడాదంతా పచ్చడనుకుని మాకు జామ్ వడ్డించేది.”

“నవ్వకు. గడ్డం జాగ్రత్త.”

నగరానికి వెళ్ళగానే ఆవిడ రెండు దవడల నుంచీ ఇంకో పన్ను తీసింది. ఈసారి గవ్రిలో పక్కనే నిలబడి, దవడ తనే పట్టుకుని, సంచి మీద తనే రాశాడు. ఆ ఫలితం వచ్చేదాకా నేవెంకా ఆ ముగ్గురి మీద వేరే ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఫలితం మారలేదు. పైగా ఎముకల లెక్క కూడా వచ్చింది. నది ఒడ్డున పుట్టిన ఆ ముడుచుకున్నావిడ, ఏళ్ళ తరబడి గింజలూ గొర్రె మాంసమూ తిని బతికింది. కొండల అవతల పుట్టినావిడ చేపలు తిన్న తీరు చూస్తే, పక్కనున్న ఆ మగమనిషి కూడా అంత తినలేదు.

నేవెంకా మళ్ళీ ఎముకల ముందు కూచుంది. ఇన్నాళ్ళూ విరిగిన తొడ మీదే చూపు పెట్టి కాలి వేళ్ళని సరిగ్గా చూడలేదు. ఇప్పుడు చూసింది. రెండు బొటనవేళ్ళ కీళ్ళూ అరిగి ఉన్నాయి, మోకాళ్ళ మీద కూచుని వేళ్ళు వెనక్కి ముడిచి, సన్నికల్లు మీద ఏళ్ళ తరబడి గింజలు నూరిన వాళ్ళకి అరిగినట్టు. ఈవిడ నది ఒడ్డున పుట్టి, కొండ మీద సంసారం చేసింది.

గవ్రిలో ఆ మర్నాడు గడ్డం నున్నగా గీయించుకుని వచ్చాడు. గేటు దగ్గర కాపలా మనిషి గుర్తుపట్టక లోపలికి పోనివ్వలేదు.

ఇంతలో మ్యూజియం డైరెక్టరు కబురంపాడు. కొత్త హాల్లో నట్టనడుమ పెట్టడానికి ఆయనకి చేప పళ్ళ ఆవిడ కావాలి. పైన రాయడానికి పేరు కూడా సిద్ధంగా ఉంది, ‘చివరి జాలరి స్త్రీ’ అని. మిగతా ఇద్దరూ గోదాములోకి.

“ఆవిడ జాలరి ఇంట్లో పుట్టలేదండి,” అంది నేవెంకా.

“ఆ సంగతి చూసేవాళ్ళకి అక్కర్లేదు కదమ్మా.”

“చూసేవాళ్ళకే కావాలండి. గోదాముకైతే ఎవరైనా ఒకటే.”

ఆయన మొహం ముడుచుకున్నాడు. నేవెంకా కదల్లేదు. ముగ్గుర్నీ కలిపే పెట్టాలి, లేదా ఒక్కర్నీ పెట్టకూడదు అంది. ఆ ఏడు హాలు మధ్యలో ఒక పడవ నమూనా పెట్టి సరిపెట్టుకున్నారు.

*

అసలు సంగతి వసంతకాలంలో తేలింది. ముగ్గురి ఎముకల్లోంచి రక్తసంబంధం తేల్చే పరీక్ష చేయించారు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరికొకరు ఏమీ కారు. కానీ ఒత్తిగిలి పడుకున్నావిడా, ఆ మగమనిషీ ఒక తల్లీతండ్రీ బిడ్డలు.

ఇన్నాళ్ళూ పరాయిదనుకున్న మనిషి ఆ ఇంటి ఆడపడుచు. అసలు పరాయి మనిషి చేప పళ్ళ ఆవిడ. నది వేషం వేసుకుని, నది తిండి తిని, నది మనిషిలా సాగిపోయిన ఆ ఇంటి కోడలు.

ఆ వారమే వర్బిత్సా వెళ్ళి ఈ సంగతి దెసాంకాకీ యోంకాకీ చెప్పింది. గవ్రిలో కూడా ఉన్నాడు. బల్ల మీద సంకటి, జున్ను, వేయించిన చేపలు. ఎవరి వైపు వాళ్ళవి.

“అంటే ఆవిడ కొండ మీదకి కాపరానికి పోయింది,” అంది దెసాంకా. “కాలు విరిగాక వెనక్కి తరిమేశారు. కొండ వాళ్ళ సంగతి నాకు తెలియదూ?”

“తరిమితే నడిచి రావాలి కదా,” అంది యోంకా. “ఆ కాలితో నడవలేదని ఈవిడే చెబుతోంది. ఎవరో మోసుకొచ్చారు. మోసుకొచ్చే వాళ్ళుంటే తరిమినట్టు ఎలా అవుతుంది?”

“మొగుడు పోయి ఉంటాడు,” అన్నాడు గవ్రిలో. “దిక్కులేక అన్న ఇంటికి చేరింది.”

“అన్నో తమ్ముడో ముందు తేల్చు,” అంది నేవెంకా. “ఇంకో మాట. ఎముకల్లో చేప జాడ చాలా తక్కువ. వచ్చి ఎన్నాళ్ళో బతకలేదు. లేదా వచ్చాక కూడా చేప ముట్టలేదు.”

“ముట్టి ఉండదు,” అంది యోంకా.

“నీలాగే మొండిదంటావా?”

“అలవాటు తప్పిన నోరు వదినా. మా ఊరు పోయినప్పుడు నాకు మా అమ్మ చేతి సంకటే ఉప్పు తక్కువగా అనిపించేది.”

నేవెంకాకి మనసులో మెదులుతున్నది ఒకటుంది, గవ్రిలో ఎగతాళి చేస్తాడని చెప్పడానికి జంకుతోంది. చివరికి చెప్పింది. “ఇటు పిల్లని అటు ఇచ్చి, అటు పిల్లని ఇటు తెచ్చుకున్నారేమో. కుండమార్పిడి. అప్పుడు ఆ ఇద్దరూ ఒకరికొకరు వదినే అవుతారు. అటువైపు నుంచీ, ఇటువైపు నుంచీ.”

“మూడు అస్థిపంజరాలతో రెండు పెళ్ళిళ్ళు చేసేశావు,” అన్నాడు గవ్రిలో. కానీ గొంతులో ఎగతాళి లేదు. “కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. అవుననడానికి నీ దగ్గరా లేదు. ఆవిడ మొగుడు దొరకాలి.”

“అదే అంటున్నా.”

“సరే, ఒకటి చెప్పు అమ్మాయ్,” అంది దెసాంకా. “ఆవిణ్ణి అలా ముడిచి పడుకోబెట్టింది ఎవరు? తోడబుట్టినవాడైతే ఏరు పారే వైపు తల పెట్టి చాపి పడుకోబెడతాడు. వాడికి తెలిసింది అదే.”

నేవెంకా కూడా దాని గురించే ఆలోచిస్తోంది. “ఆవిడే అడిగి ఉండాలి. లేకపోతే ఆ ఇంట్లో అలా పడుకోబెట్టడం తెలిసిన మనిషి ఒక్కరే.”

“వదిన,” అంది యోంకా.

“అప్పటికి ఆవిడ బతికి ఉంటే. ఇద్దరిలో ఎవరు ముందో ఎముకలు చెప్పవు పిన్నీ. ఒక తరం లోపల అని చెబుతాయి, అంతే.”

దెసాంకా పళ్ళెంలో ముళ్ళు ఒక పక్కకి నెట్టుకుంటూ అడిగింది, మామూలు మాట అడిగినట్టే. “యోంకా, నిన్ను కూడా మీ కొండకి తీసుకుపోవాలా? చెప్పు, ముందే తెలిస్తే మంచిది.”

“ఎవరు మోస్తారు?”

“నేను మొయ్యలేను తల్లీ, నువ్వు బరువు. ట్రాక్టరు మాట్లాడతా.”

యోంకా చాలాసేపు జున్ను ముక్క నలుపుతూ కూచుంది. “ఇక్కడే,” అంది చివరికి. “కానీ మా పద్ధతిలో. గోతిలో అద్దం పెట్టాలి, దువ్వెన పెట్టాలి, ఏడాది పాటు నా పేరున భోజనం బల్ల వెయ్యాలి. ఆ బల్ల మీద చేపలు పెట్టావో, లేచొస్తా.”

“లేచిరా. ఒంటరిగా ఉంటే నాకూ తోచదు.”

యోంకా ఆ మాటకి మాత్రం నవ్వింది.

*

ఆ ఎండాకాలం వాళ్ళ వెతుకులాట కొండ మీదకి మారింది. యోంకా పుట్టిన ఊరికి పైన, ఆవిడ పెదనాన్న మనవడి పొలంలో దున్నినప్పుడల్లా ఎర్రగా కాలిన మట్టిపెళ్ళలు తేలుతున్నాయని ఎప్పట్నుంచో అనుకునేవాళ్ళు. అలాంటివి చుట్టుపక్కల కొండల మీద ఇంకా చాలా ఉన్నాయి. అందులో ఏ ఒక్కటైనా ఆ ఆవిడ ఊరు కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. ఎక్కడో ఒక చోట మొదలు పెట్టాలి కదా అని అక్కడ మొదలు పెట్టారు.

యోంకా పుట్టింటి వాళ్ళని చూసే వంకన వాళ్ళతో వచ్చింది. దెసాంకా రానంది. కొండ ఎక్కితే తనకి చెవులు మూసుకుపోతాయట. కానీ దోవలో తినమని పెద్ద మూట కట్టి పంపింది. అందులో సగం వేయించిన చేపలు, అవి యోంకా దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని మోసింది.

పై మట్టి తీశాక ఇంటి నేల తేలింది, నున్నగా అలికిన మట్టి నేల. ఒక మూల పొయ్యి. పొయ్యి పక్కన పగిలిన కుండ, అందులో బొగ్గయిపోయిన బార్లీ గింజలు. నేవెంకా అంచనా వేసినవే అన్నీ. గవ్రిలో బూడిదని జల్లెడ పడుతూ, ఏమీ తేలలేదని గొణుక్కుంటున్నాడు. గీయించిన గడ్డం మళ్ళీ మొలిచి దురద పెడుతోంది.

జల్లెడ ఆగింది. అతను ఏదో వేళ్ళతో ఎత్తి, ఎండకి పట్టుకుని, ఊది, నేవెంకా చేతిలో పెట్టాడు. అరచేతి నడిమి గుంటలో ఇమిడేంత ఎముక పెచ్చు. మధ్యలో వెన్ను లేచి, పైన గరుకు గీతలు.

నేవెంకా దాన్ని చూసీ చూడగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టాక కూడా తిప్పి తిప్పి చూసింది. స్టర్జన్ చేప వీపు మీద ఉండే పెచ్చు. నది ఇక్కడికి చాలా దూరం. కింద ఎక్కడో పొగమంచులో తళుక్కుమనే తీగలా కనిపిస్తోంది.

“అదేమిటి?” అంది యోంకా, గుంట గట్టు మీద కూచుని.

“చేప ఎముక పిన్నీ.”

“మా కొండ మీద ఎవరు తింటారే చేప?”

“అదే నాకూ తెలీడం లేదు,” అంది నేవెంకా. మోకాళ్ళ మీద కూలబడి, ఆ పెచ్చు తేలిన చోట బూడిదని బ్రష్‌తో మెల్లగా, ఇంకా మెల్లగా, పక్కకి తుడవడం మొదలు పెట్టింది. గవ్రిలో తన బ్రష్ తీసుకుని వచ్చి అవతలి పక్కన కూచున్నాడు.